పాత పంటు రేవు దగ్గర తెగిన దారం

ఉషశ్రీకి మరుపు లేదు. చిన్నప్పుడు ఒక పెళ్లిలో పెద్దమ్మ వరసైన ఆవిడ నలుగురి ముందూ ఆమె ఒంటి రంగు మీద ఓ మాట విసిరింది. ఆ మాట అన్న ఆవిడ మర్నాటికి మరిచిపోయింది. ఉషశ్రీ మాత్రం ఆ ఇంట్లో మళ్లీ మంచినీళ్లు ముట్టలేదు. ఆ పెద్దమ్మ పోయినప్పుడు దినానికి వెళ్లింది గానీ విస్తరి ముందు కూర్చోలేదు. "ఇంత పంతం దేనికే నీకు" అని తల్లి మాణిక్యమ్మ విసుక్కుంటే, "పంతం కాదమ్మా, గుర్తుంది. అంతే" అనేది.

భవానీపురంలో వాళ్లది గాలాల కొట్టు. తండ్రి తిరుపతిరావుది పామర్రు దగ్గర పల్లె, వరి పండించే కుటుంబం. వయసులో ఉండగానే పొలం తమ్ముడికి అప్పజెప్పి బెజవాడ వచ్చేశాడు. వల దారాలు, గాలాలు, బెండ్లు అమ్మే కొట్టు పెడితే చుట్టాలు నొసలు చిట్లించారు. వ్యవసాయం చేసుకునే ఇంటివాడు చేపల సరుకు అమ్మడమేంటని కొందరు ఇంటికొచ్చి మరీ చెప్పారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. చేపలు పట్టడమంటే ఆయనకి ప్రాణం. అమ్మే సరుకు మీద మమకారం ఉన్నవాడు కల్తీ సరుకు తేలేడు. ఏ దారపు ఉండ వచ్చినా ముందు మూర పొడుగు తెంపి, వేలికి చుట్టి లాగి, గోరుతో గీరి చూసిగానీ బల్ల మీద పెట్టేవాడు కాదు.

సెలవు దొరికితే కూతుర్ని స్కూటరు మీద ఎక్కించుకుని పామర్రు, అవనిగడ్డ మీదుగా నాగాయలంక పోయేవాడు. అక్కడికి కృష్ణ సముద్రానికి దగ్గరపడి ఉప్పబారుతుంది. పండుగప్ప చేప దొరికేది ఆ నీళ్లలోనే. పెద్ద నోరు, వెండి ఒళ్లు, చెంపల మీద బ్లేడు లాంటి అంచు. గాలం పడగానే నీళ్లలోంచి ఎగిరి తల విదిలిస్తుంది, విదిలించి ఏ స్తంభం చాటుకో మొద్దు చాటుకో దూరుతుంది. దాన్ని గాలానికి పట్టడం ఒక ఎత్తు, దారం తెగకుండా ఒడ్డుకి చేర్చడం ఇంకో ఎత్తు.

ఆ దారం గురించే తండ్రీ కూతుళ్ల మధ్య ఎప్పుడూ చర్చ. ఉషశ్రీకి బ్రెయిడు ఇష్టం. సన్నటి పోగులు అల్లి చేసిన దారం అది. ఎంత సన్నంగా ఉన్నా ఎంతో బరువు లాగుతుంది, దూరంగా పడుతుంది, బొత్తిగా సాగదు కాబట్టి అంత దూరాన చేప మూతి ఆనిస్తే ఇక్కడ వేలికి తెలుస్తుంది. తిరుపతిరావుకి తంగూసు ఇష్టం. ఇప్పటి కుర్రాళ్లు మోనో అంటారు. ఒకే పోగు నైలాను, లావు, సాగుడు.

"బ్రెయిడు బలమంతా లాగడంలోనేనమ్మా" అనేవాడాయన. "స్తంభాలకి పట్టిన గుల్లల మీద ఒక్కసారి రాసుకుందంటే నూలు పోగే. తంగూసుకి గీతలు పడతాయి గానీ అంత తేలిగ్గా విడిపోదు."

"తంగూసుతో లాగితే సగం బలం సాగడానికే పోద్ది నాన్నా. చేప నోట్లో గాలం దిగదు."

చివరికి తెలిసిన వాళ్లందరూ చేసేదే వాళ్లూ చేసేవారు. రీలు నిండా బ్రెయిడు చుట్టి, గాలం దగ్గర మాత్రం లీడరు అని రెండు బారల తంగూసు ముడేసేవారు. కొట్టుకొచ్చి బ్రెయిడు అడిగిన ప్రతి మనిషికీ తిరుపతిరావు ఈ మాట చెప్పేవాడు, వినేవాడు విన్నా వినకపోయినా.

విననివాళ్లలో జయంత్ ఒకడు.

జయంత్‌ది పటమట. అక్కడ మెయిన్ రోడ్డుకి దగ్గర్లో కార్ల సామాన్ల షాపుండేది. చేపలు పట్టే వీడియోలు తీసి యూట్యూబులో పెట్టేవాడు. మాటకారి. ఇక్కడి నుంచి కాకినాడ దాకా గాలం పట్టిన కుర్రాళ్లందరూ అతని చానల్ చూసేవాళ్లు. ఒకరోజు కొట్టుకొచ్చి, వీడియోల్లో కొట్టు పేరు చెప్తానని, బదులుగా రాడ్లూ రీళ్లూ ఊరికే ఇవ్వాలని అడిగాడు.

"కొనుక్కో నాయనా, లాభం వేసుకోకుండా ఇస్తాను" అన్నాడు తిరుపతిరావు. "ఊరికే ఇచ్చిన దాని గురించి నువ్వు మంచి చెప్తే ఎవరు నమ్ముతారు?"

జయంత్ నవ్వాడు. ఒక బ్రెయిడు ఉండ కొనుక్కుని వెళ్లిపోయాడు. తంగూసు సంగతి పెద్దాయన చెబుతుంటే ఫోన్ చూసుకుంటూ తలూపాడు.

తర్వాత కొద్దిరోజులకే వీడియో వచ్చింది. నాగాయలంక దిగువన, మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించడానికి ఒకప్పుడు వాడిన పాత పంటు రేవు. జయంత్ రాడ్డు ఒక్కసారిగా వంగింది, రీలు కేక పెట్టింది, అంతలోనే దారం తేలిపోయింది. అతను తెగిన కొసని కెమెరా దగ్గరగా పట్టి చూపించాడు. "చూడండి ఫ్రెండ్స్. జీవితంలో ఒక్కసారి పడే చేప. భవానీపురంలో పెద్దాయన దగ్గర, నమ్మకస్తుడని కొన్న బ్రెయిడు ఇది. పక్కా నకిలీ. బోర్డు కూడా చూపిస్తాను, గుర్తుపెట్టుకోండి."

ఆ వీడియో లక్షల మంది చూశారు. కొన్నవాళ్లు వాడేసిన ఉండలు తెచ్చి తిరిగి తీసుకోమన్నారు. ఒకతను ఉండని బల్ల మీదకి విసిరి, "ఈ వయసులో ఇదేం పనండీ" అని వెళ్లిపోయాడు. రోడ్డవతల నిలబడి కొట్టు బోర్డుని ఫోన్లో తీసుకుని నవ్వుకుంటూ పోయినవాళ్లున్నారు. ఉషశ్రీ జవాబుగా ఒక వీడియో పెట్టింది. దాన్ని చూసిన వాళ్లలో సగం మంది చుట్టాలే.

తిరుపతిరావు ఎవరినీ తిట్టలేదు. కొట్టుకి రావడం మానేశాడు. ఇంట్లో కిటికీ ఊచకి దారం కట్టి లాగి చూసేవాడు. తెగేది కాదు. ఇంకో ఉండ విప్పి అదీ లాగేవాడు. తనకి సరుకు వేసిన మద్రాసు వ్యాపారి మోసం చేశాడేమోనని ఆయనకే అనుమానం పట్టుకుంది. ఇన్నేళ్లుగా ఎంతమందికి కల్తీది అంటగట్టానో అనేవాడు. అరచేతులు దారం కోతలతో ఎర్రబడి ఉండేవి. మాణిక్యమ్మ వెన్న రాస్తుంటే ఆయన చెయ్యి తన చెయ్యి కానట్టు చూస్తుండేవాడు.

ఆ చలికాలంలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసి ఆసుపత్రిలో పడ్డాడు. మంచం పక్కన కూర్చున్న కూతుర్ని అడిగాడు.

"అమ్మాయ్, అది నిజంగా కల్తీదేనంటావా?"

"కాదు నాన్నా. ఒట్టు."

"నా ముఖం చూసి చెప్తున్నావులే" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇంటికీ రాలేదు.

కర్మలన్నీ అయ్యాక ఉషశ్రీ నాగాయలంక వెళ్లింది. అక్కడ నతానియేలు అని పడవ నడిపే ఆయన ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ ఆమె బాబాయ్ అని పిలిచే మనిషి. ఆ రోజు జయంత్‌ని తీసుకెళ్లింది ఆయన పడవే. ఆయన చాలాసేపు వల ముడులు విప్పుకుంటూ కూర్చున్నాడు.

"చేప ఆ రేవు స్తంభాల కిందకి పోయిందమ్మాయ్. అక్కడ స్తంభాల నిండా గుల్లలే. ఇంత గుల్ల, కత్తే అది. ఆ కుర్రాడికీ తెలుసు. దారం తెగగానే వాడి నోటి నుంచి వచ్చిన మొదటి మాట, 'ఛ, గుల్లలకి తగిలింది' అనే. తర్వాత కాసేపు ఆలోచించి, కెమెరా పట్టినతన్ని మళ్లీ తియ్యమన్నాడు. అప్పుడు చెప్పాడు ఆ నకిలీ మాట."

ఉషశ్రీ అప్పటిదాకా జయంత్‌ని పొగరుబోతు, తెలియనివాడు అనుకుంది. తెలిసే చేశాడని ఇప్పుడు తేలింది.

"నా పేరు ఎత్తకమ్మా" అన్నాడు నతానియేలు. "ఇట్టాంటి కుర్రాళ్లు ఎక్కితేనే నా పడవ కదిలేది."

"ఎత్తను బాబాయ్."

అప్పటి నుంచి ఆమెకి అదే ధ్యాస. కొట్టు తీసేది, వచ్చిన నలుగురికీ సరుకిచ్చేది, మిగతా టైమంతా జయంత్ వీడియోలు చూసేది. ఒక్కటీ వదల్లేదు. కనకదుర్గమ్మకి దణ్ణం పెట్టుకున్నప్పుడు కూడా ఇంట్లో వాళ్ల ఆరోగ్యం అడగలేదు. "వాడి నోటితో వాడే చెప్పాలి తల్లీ" అని అడిగింది. మాణిక్యమ్మ పక్కనే ఉండి విన్నది. కొండ దిగుతూ, "దేవుడి దగ్గర అడగాల్సినవా అవి" అంది. "ఇంకెవర్ని అడగను" అంది కూతురు.

రెండేళ్లు గడిచాయి. జయంత్ తన పేరుతో సొంత బ్రెయిడు తెచ్చాడు. ఎక్కడో చేయించి డబ్బా మీద తన బొమ్మ వేయించుకున్నాడు. ప్రతి వీడియోలోనూ అదే పాట. "మా లైను ఉంటే లీడరు అక్కర్లేదు, మోనో అక్కర్లేదు. మోనో మన తాతల కాలంతో పోయింది ఫ్రెండ్స్. రాళ్లయినా, గుల్లలయినా మా బ్రెయిడు తెగదు."

ఈ చివరి మాట విన్నప్పుడు ఉషశ్రీ అన్నం తింటోంది. కంచం పక్కకి జరిపి చెయ్యి కడుక్కొచ్చి మళ్లీ విన్నది. ఆ వీడియో కింద, తన పేరుతో, కొట్టు పేరుతో రాసింది: "నాగాయలంక పాత పంటు రేవు దగ్గర మీ లైను తెగితే మా నాన్న సరుకు నకిలీదన్నారు. గుల్లలకి కూడా తెగని దారం మీ దగ్గరుంది కదా. అదే రేవు, అవే స్తంభాలు. మీరు మీ బ్రెయిడు ఒక్కటే కట్టండి. నేను తంగూసు ఒక్కటే కడతాను. ఒకే పడవలో వెళ్దాం, లైవులో చూపించండి."

అతను పట్టించుకోలేదు. చూసేవాళ్లు పట్టుకున్నారు. ఏ వీడియో పెట్టినా కింద "పంటు రేవు ఎప్పుడన్నా?" అనే అడిగేవాళ్లు. జయంత్ ఇరుక్కుపోయాడు. గుల్లలకి ఏ బ్రెయిడైనా తెగుతుందని ఒప్పుకుంటే అప్పుడు చెప్పింది అబద్ధమని తేలుతుంది. రానంటే తన సరుకు మీద తనకే నమ్మకం లేదని తేలుతుంది. చివరికి అతని స్నేహితుడు సిద్ధార్థ, కెమెరా పట్టేది అతనే, ఒప్పించినట్టున్నాడు. ఆ ఒక్కరోజు లైవు చానల్‌కి ఏడాది పెట్టు అని.

వెళ్లేముందు ఉషశ్రీ చాలాసార్లు ఒంటరిగా పోయి తంగూసుతో పట్టి చూసింది. లావుపాటిది కడితే ఎర దూరం పడేది కాదు. సన్నది కడితే చేప విదిలించినప్పుడు భయం. చేప మూతి ఆనించిన సంగతి చేతికి ఆలస్యంగా తెలిసేది. లాగేసరికి దారం సాగి, గాలం దిగక, చేప ఉమ్మేసి పోయేది. తండ్రితో తను వాదించినవన్నీ నిజాలే. తంగూసు కట్టి చేప పడుతుందన్న ధీమా ఆమెకి లేదు. అయినా చివరికి లావుపాటి తంగూసే చుట్టుకుంది. ఆమె వెళ్తున్నది చేప కోసం కాదు.

ఆ రోజు పొద్దున్నే, సముద్రపు నీళ్లు ఏట్లోకి ఎక్కే పోటు మీద బయల్దేరారు. పడవలో నతానియేలు, జయంత్, సిద్ధార్థ, ఉషశ్రీ. జయంత్ మర్యాదగానే పలకరించాడు.

"టిఫిన్ చేశారా అక్కా?"

"చేశాను."

"మీ నాన్నగారి విషయం తెలిసింది. సారీ అండీ. బిజినెస్‌లో ఇవన్నీ ఉంటాయి."

ఆమె రీలు సరిచూసుకుంటూ ఉండిపోయింది.

ముందు అతను స్తంభాలు లేని తెరిపి నీళ్లలోకే వేశాడు. చిన్న పండుగప్పలు రెండు పడ్డాయి. బ్రెయిడు పనితనం గురించి కెమెరాకి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఉషశ్రీ ఎర అందులో సగం దూరం కూడా పోలేదు. లైవులో ఎవరో నవ్వుతూ రాసిన మాటలు సిద్ధార్థ పైకి చదివాడు. ఆమె చెవిన పెట్టలేదు. నీళ్లు వెనక్కి తిరిగి పాటు మొదలయ్యాక అంది.

"రేవు దగ్గరికి పోనివ్వండి. మనం అనుకున్న మాట అదీ."

జయంత్ సిద్ధార్థ వైపు చూశాడు. కెమెరా అతని వైపే ఉంది. "పోనివ్వండి, పోనివ్వండి" అన్నాడు నవ్వుతూ.

నల్లటి స్తంభాలు, నీటి గీత దాకా తెల్లగా గుల్లలు. మొదట చేప పడింది ఉషశ్రీకే. మంచి బరువు. ఆమె లాగింది, దారం సాగింది, చేప రెండు స్తంభాల మధ్యకి దూరింది. దారం గుల్లల మీద గరగరా రాసుకోవడం రాడ్డు దాకా తెలుస్తోంది. ఆమె పట్టు వదలకుండా చేపని బయటికి తెచ్చింది. పడవ పక్కన అది ఒక్కసారి ఎగిరి తల విదిలించింది. పైపైన దిగిన గాలం ఊడిపోయింది.

"పోయింది ఫ్రెండ్స్" అన్నాడు జయంత్ ఉత్సాహంగా. "అందుకే చెప్పేది, మోనోతో ఇదే గొడవ. హుక్ దిగదు."

"నిజమే, దిగదు" అంది ఉషశ్రీ. తన దారాన్ని కెమెరా ముందు పెట్టింది. బారెడు పొడుగున తెల్లగా గీసుకుపోయి ఉంది, తెగలేదు. "ఇక మీరు వెయ్యండి. సరిగ్గా అక్కడే."

అతను వేశాడు. స్తంభానికి కాస్త ఎడంగా పడేట్టు వేశాడు. ఆమె స్తంభం వైపు వేలు చూపించింది. మళ్లీ వేశాడు. మూడోసారి నీళ్లు పేలినట్టయింది. అతని రాడ్డు వంగిపోయింది. సిద్ధార్థ లేచి నిలబడ్డాడు, పడవ ఊగింది. చేప స్తంభాల కిందకి దూసుకుపోయింది. జయంత్ ముఖంలో రంగు పోవడం ఉషశ్రీ చూసింది. అతను లాగలేదు, వదల్లేదు. రాడ్డు ఠక్కున నిటారుగా లేచింది. తెగిన దారం గాలికి అతని భుజం మీద పడింది.

నతానియేలు పడవని స్తంభాలకి ఎడంగా నెట్టాడు.

"చూపించండి" అంది ఉషశ్రీ.

"ఏంటండీ?"

"కొస. కెమెరా దగ్గరగా పట్టి చూపించండి. అప్పుడు చూపించారుగా."

అతను దారం చుట్టేసుకోబోయాడు. ఆమె చెయ్యి చాచి కొస పట్టుకుంది. పోగులు విడిపోయి కుచ్చులా ఉంది.

"ఇది నకిలీదా?"

"కాదండీ."

"మరి ఎందుకు తెగింది?"

జయంత్ సిద్ధార్థ వైపు చూసి, "ఆపరా" అన్నాడు. సిద్ధార్థ ఆపలేదు. చూసేవాళ్ల సంఖ్య అతని కళ్ల ముందు పెరుగుతూ ఉంది. "చెప్పేసెయ్ బ్రో, జనం అడుగుతున్నారు" అన్నాడు.

"గుల్లలకి తగిలిందండీ."

"ఇంకోసారి."

"గుల్లలకి తగిలి తెగింది."

"మా నాన్న అమ్మింది దేనికి తెగింది?"

అతను తల దించుకున్నాడు. ఆమె తొందరపెట్టలేదు. పడవ అడుగున నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. నతానియేలు గెడ పట్టుకుని ఎటో చూస్తున్నాడు.

"దానికీ అంతే" అన్నాడు జయంత్. "గుల్లలకే."

"అప్పుడు మీకు తెలుసా?"

చేతిలో రాడ్డు పడవలో పెట్టేసి, "తెలుసు" అన్నాడు.

ఉషశ్రీ దారపు కొస వదిలేసింది. ఒడ్డుకి పోనివ్వమని చెప్పింది. ఆ రోజు ఆమె ఒక్క చేప కూడా తేలేదు. ఇంటికొచ్చి రెండు పూటల అన్నం ఒకేసారి తిన్నది.

లైవులోని ఆ ముక్కని జనం విడిగా కోసి ఎవరికి వారు పెట్టుకున్నారు. 'దానికీ అంతే' అనే మాటకి పాట కట్టి తిప్పారు. జయంత్ బ్రెయిడు తెప్పించుకున్న షాపులు తిరిగి పంపేశాయి. చానల్ ఆగిపోయింది. కార్ల సామాన్ల షాపుకి కూడా కుర్రాళ్లు వెళ్లి అదే మాట అనేసి పారిపోయేవాళ్లట. ఉషశ్రీ కొట్టుకి పాత ఖాతాదార్లు వచ్చారు. ఉండ విసిరిపోయిన మనిషి కూడా వచ్చాడు. అతనికి ఆమె సరుకు అమ్మలేదు. "మీకు కావల్సింది మా దగ్గర లేదండీ" అని పంపేసింది. వెనక షెల్ఫు నిండా ఉంది.

కొట్టులో గోడకి ఒక టీవీ పెట్టించింది. పొద్దున షటరు ఎత్తిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా ఆ ముక్క ఆగకుండా తిరిగేది.

ఒక మధ్యాహ్నం జయంత్ వచ్చాడు. చిక్కిపోయాడు. మాణిక్యమ్మ కూతురికి క్యారేజీ తెచ్చి అక్కడే కూర్చుని ఉంది. అతను టీవీ వైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

"అక్కా, తప్పు చేశాను. ఒప్పుకున్నాను కదా. ఇంక అది తీసేయండి. మా అమ్మ గుడికి కూడా పోవట్లేదు. ఎవరో ఒకరు ఆ మాట అడుగుతారని."

"మా నాన్న కొట్టుకి కూడా రాలేదు" అంది ఉషశ్రీ.

"ఆయన కాళ్ల మీద పడేవాడిని, ఉంటే."

"ఉన్నప్పుడు రాలేదుగా."

అతను మాణిక్యమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీరన్నా చెప్పండి."

మాణిక్యమ్మ కూతురి ముఖం చూసింది. "వదిలెయ్యవే. వాళ్లమ్మ ఏం చేసింది?"

"నువ్వేం చేశావని నాన్న చేతులకి వెన్న రాస్తూ కూర్చున్నావు?"

మాణిక్యమ్మ క్యారేజీ గిన్నెలు సర్దుకుంది. జయంత్ ఇంకాసేపు నిలబడ్డాడు. ఆ లోపల ఒకతను గాలాలు అడిగితే ఉషశ్రీ సైజులు తీసి చూపించింది, కట్టి ఇచ్చింది. తలెత్తేసరికి జయంత్ వెళ్లిపోయాడు. తల్లి కోసమని సాయంత్రం టీవీ శబ్దం మాత్రం తగ్గించింది.

కోపం తీరిందా అని అడిగినవాళ్లకి ఆమె సూటిగానే చెప్తుంది. తండ్రి గోడవైపు తిరిగినప్పుడు ఈ సంగతి ఆయనకి చెప్పలేకపోయింది, ఇప్పుడు చెప్పినా వినేవాడు లేడు, ఆ లెక్క ఎప్పటికీ తీరదు. కానీ పశ్చాత్తాపం ఉందా అంటే లేదు. రాత్రిళ్లు నిద్ర పడుతోంది. అంతకుముందు పట్టేది కాదు.

పటమటలో జయంత్ షాపు ఈమధ్యే మూసేశారు. ఉషశ్రీకి అటువైపు పనేమీ ఉండదు. అయినా అప్పుడప్పుడు స్కూటరు తీసుకుని బెంజి సర్కిల్ దాటి ఆ రోడ్డులోకి వెళ్తుంది. మూసి ఉన్న షటరు ముందు బండి నెమ్మది చేసి, తుప్పు ఎంతవరకు వచ్చిందో చూసుకుని, వచ్చే దారిలో తల్లికి ఇష్టమని మల్లెపూలు కొనుక్కుని ఇంటికొస్తుంది.